ఇంగ్లీషులో ‘నాకు అనుమానంగా ఉంది’, ‘నేను నమ్మను’ అని ఎలా చెప్పాలి?

ముందు మీ ప్రశ్న సారాంశం. టెస్టింగ్ టీమ్ వాళ్లే ఫైలు మార్చి ఉంటారని మీ అనుమానం. దాన్ని “ఐ డౌట్ ది టెస్టింగ్ టీమ్ చేంజ్డ్ ది ఫైల్” అని మెయిల్ పెట్టారు. విదేశంలో ఉన్న మేనేజర్ “సరే, అయితే వాళ్లను పక్కనపెట్టి ఇంకోచోట వెతుకుదాం” అని జవాబిచ్చారు. తేడా ఎక్కడొచ్చింది, అనుమానం, అపనమ్మకం చెప్పడానికి ఇంగ్లీషులో ఇంకా ఏయే మాటలున్నాయి అని అడిగారు. ఇలాంటి మెయిళ్లూ రిపోర్టులూ దిద్దడమే ఏళ్లుగా నా పని. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మేనేజర్ మీ మెయిల్‌ని సరిగ్గానే చదివారు. “ఐ డౌట్” అన్నాక ఏం చెబితే, అది జరగలేదనో జరగదనో మీ అభిప్రాయం. “ఐ సస్పెక్ట్” అన్నాక ఏం చెబితే, అది జరిగే ఉంటుందని మీ అభిప్రాయం. రెండూ ఎదురెదురు దిక్కులు. తెలుగులో మాత్రం రెండింటికీ అనుమానమే. “వాడు వస్తాడా అని అనుమానం” అంటే రాకపోవచ్చని. “వాడే తీశాడని అనుమానం” అంటే తీసే ఉంటాడని. ఇక్కడ తేడా చెబుతున్నది అనుమానం అనే మాట కాదు, దాని ముందున్న “వస్తాడా అని”, “తీశాడని” అనే చివరలు. ఇంగ్లీషులో ఆ పని క్రియ చేస్తుంది. అందుకే రాసే ముందు మీ వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోండి. “చేస్తారా అని”, “చేస్తారో లేదో అని” వస్తే డౌట్. “చేశారని” వస్తే సస్పెక్ట్. ఇది చాలావరకు పనిచేస్తుంది.

మీ వాక్యం “ఐ సస్పెక్ట్ ది టెస్టింగ్ టీమ్ చేంజ్డ్ ది ఫైల్” అయితే అర్థం సరిపోయేది. కానీ ఆఫీసు మెయిల్‌లో అదీ కొంచెం ఘాటే, వేలెత్తి చూపినట్టుంటుంది. “ఇట్ లుక్స్ లైక్ ది ఫైల్ వాజ్ చేంజ్డ్ డ్యూరింగ్ టెస్టింగ్. కుడ్ సమ్‌వన్ ఫ్రమ్ ద టీమ్ కన్ఫర్మ్?” అంటే అనుమానం చెప్పినట్టూ ఉంటుంది, ఎవరినీ బోనులో నిలబెట్టినట్టూ ఉండదు. సస్పెక్ట్ ఎప్పుడూ నేరానికే వాడతారని కూడా అనుకోకండి. “ఐ సస్పెక్ట్ యు ఆర్ రైట్” అంటే “మీరన్నదే నిజమేమో అనిపిస్తోంది” అని, మర్యాదగా ఒప్పుకోవడమే. ఎవరినైనా ఫలానా పని చేశాడని అనుమానించాలంటే పక్కన ‘ఆఫ్’ రావాలి: “దే సస్పెక్ట్ హిమ్ ఆఫ్ లయింగ్.” మనవాళ్లు ‘ఫర్’ పెడతారు. పలకడంలో కూడా చిన్న మెలిక ఉంది. అనుమానించడం అనే క్రియకు రెండో భాగం ‘పెక్ట్’ మీద ఒత్తు, అనుమానితుడు అనే నామవాచకానికి మొదటి ‘సస్’ మీద ఒత్తు.

ఒక తమాషా విషయం. షేక్స్‌పియర్ కాలపు ఇంగ్లీషులో డౌట్‌కి భయపడటం, శంకించడం అనే అర్థాలు కూడా ఉండేవి. స్కాట్లాండ్ మాటతీరులో ఇప్పటికీ “వర్షం వస్తుందని డౌట్” అంటే వస్తుందనే భావం. అంటే మన వాడుక మరీ గాలిలోంచి పుట్టిందేమీ కాదు. కాకపోతే ఇవాళ్టి ఆఫీసు మెయిల్‌లో ఆ వాదన చెల్లదు. ఇక డౌట్ స్పెల్లింగులో పలకని ‘బీ’ ఎందుకుందంటే, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ అక్షరం లేదు. మూలం ‘డుబిటారే’ అనే లాటిన్ మాట అని చూపించడానికి పండితులు తర్వాత దాన్ని తెచ్చి ఇరికించారు. నోరు మాత్రం పాత పద్ధతిలోనే పలుకుతోంది.

డౌట్‌తో మనకున్న రెండో చిక్కు “ఐ హావ్ ఎ డౌట్”. క్లాసులో చెయ్యెత్తి అడిగేది మనకు డౌటే. భారతదేశపు ఇంగ్లీషులో ఇది పూర్తిగా స్థిరపడిన వాడుక, మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మార్చుకోనక్కర్లేదు. బయటివాళ్లకు రాసేటప్పుడే ప్రమాదం. క్లయింట్ పంపిన డాక్యుమెంట్ చదివి “ఐ హావ్ సమ్ డౌట్స్ అబౌట్ యువర్ డాక్యుమెంట్” అని రాశారనుకోండి. మీ ఉద్దేశం రెండు మూడు చోట్ల అర్థం కాలేదని. వాళ్లు చదివేది మాత్రం “మీ డాక్యుమెంట్ మీద నాకు నమ్మకం కుదరడం లేదు” అని. అక్కడి నుంచి వచ్చే జవాబు కాస్త బిగుసుకుపోయి ఉంటే కారణం ఇదే. “ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్ అబౌట్ ది డాక్యుమెంట్” అనండి, గొడవే లేదు. “కుడ్ యు ప్లీజ్ క్లారిఫై సెక్షన్ త్రీ?” అంటే ఇంకా సూటిగా ఉంటుంది.

“ఐ యామ్ డౌటింగ్”, “ఐ యామ్ నాట్ బిలీవింగ్” లాంటివి కూడా మానేయండి. తెలుగులో “నమ్మడం లేదు” అంటాం కాబట్టి ‘ఇంగ్’ దానంతటదే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో నమ్మడం, అనుమానించడం, తెలియడం లాంటి మనసు స్థితుల్ని చెప్పే క్రియలకు మామూలుగా ఆ రూపం రాదు. “ఐ డోంట్ బిలీవ్ ఇట్” చాలు. అలాగే “ఐ డౌట్ ఆన్ హిమ్” అనేది లేదు. “ఐ డౌట్ హిమ్” అంటే అతని మాటమీదో సామర్థ్యంమీదో నమ్మకం లేదని. తప్పు చేశాడన్న అనుమానమైతే మళ్లీ సస్పెక్టే.

డౌట్ తర్వాత ‘దట్’, ‘ఇఫ్’, ‘వెదర్’ మూడూ రావచ్చు. “ఐ డౌట్ ఇఫ్ దే విల్ అగ్రీ”, “ఐ డౌట్ వెదర్ దే విల్ అగ్రీ” రెండూ సరే. “నాకు సందేహమే లేదు” అన్నప్పుడు మాత్రం ‘దట్’ ఒక్కటే: “ఐ డోంట్ డౌట్ దట్ దే విల్ అగ్రీ.” వ్యాకరణం ఇంతే, దీనిమీద ఇంకెక్కువ బుర్ర పెట్టకండి.

అసలు కష్టం ‘నమ్మకం’ దగ్గరుంది. “నాకు నమ్మకం లేదు” అనే ఒక్క తెలుగు వాక్యం ఇంగ్లీషులో నాలుగు దారుల్లో చీలుతుంది. తప్పు దారి పట్టామంటే అవతలి మనిషి మనసు నొచ్చుకుంటుంది. “ఐ డోంట్ బిలీవ్ యు” అంటే ఇప్పుడు నువ్వన్న ఈ మాట అబద్ధం అని. “ఐ డోంట్ ట్రస్ట్ యు” అంటే మాట సంగతి వదిలెయ్, నీ మనిషితనం మీదే నమ్మకం లేదని. “ఐ డోంట్ బిలీవ్ ఇన్ యు” అంటే నీవల్ల ఏదీ కాదని, ఇదే అన్నింటికంటే క్రూరం. బిలీవ్ ఇన్ అనేది దేవుడు, దెయ్యాలు, సిద్ధాంతాల విషయంలో “ఉన్నాయని నమ్మడం”. మనిషి విషయంలో “సత్తా ఉందని నమ్మడం”. ఇక నాలుగోది “ఐ యామ్ నాట్ కాన్ఫిడెంట్ దట్…”, అంటే జరుగుతుందన్న ధీమా లేదని. ఆఫీసులో మనకు తొంభై పాళ్లు కావాల్సింది ఈ నాలుగోదే.

ఉదాహరణకి, శుక్రవారానికల్లా పని అయిపోతుందని సహోద్యోగి అంటాడు. మీకు నమ్మకం కుదరదు. “ఐ డోంట్ బిలీవ్ యు” అన్నారంటే అతన్ని అబద్ధాలకోరు అన్నట్టు. “ఐ యామ్ నాట్ కాన్ఫిడెంట్ వీ విల్ ఫినిష్ బై ఫ్రైడే” అంటే గడువు గురించి మాట్లాడినట్టు. పైగా అందులో ‘వీ’ ఉంది చూడండి, భారం ఇద్దరి మీదా పడుతుంది. ఇంగ్లీషులో మర్యాదగా నమ్మకపోవడం అంటే చాలావరకు ఇదే: మనిషిని వదిలేసి మాటను పట్టుకోవడం. “ఐ డోంట్ బిలీవ్ యు”కీ “ఐ డోంట్ బిలీవ్ దట్”కీ మధ్య దూరం ఒక్క మాటే. మొదటిదానితో స్నేహాలు చెడతాయి, రెండోదానితో చర్చ మొదలవుతుంది.

ఇక్కడే ఇంకో అలవాటు చెప్పాలి. “అతను రాడనుకుంటా” అని తెలుగులో ‘కాదు’ని ‘రావడం’ అనే క్రియకు తగిలిస్తాం. దాన్నే దింపి “ఐ థింక్ హి విల్ నాట్ కమ్” అంటాం. తప్పు కాదుగానీ, ఇంగ్లీషువాడు ఆ ‘నాట్’ని ముందుకు లాగి “ఐ డోంట్ థింక్ హి విల్ కమ్” అంటాడు. నమ్మకానికి కూడా అంతే: “ఐ డోంట్ బిలీవ్ వీ హావ్ మెట్” అంటే “మనం ఇంతకుముందు కలవలేదనుకుంటా” అని, ఎవరినీ అనుమానించడం కాదు. మనం పద్ధతి మార్చకపోతే మన అనుమానం వాళ్ల చెవికి తీర్పులా వినిపిస్తుంది. “ఐ థింక్ దిస్ విల్ నాట్ వర్క్” అనే వాక్యం తలుపు వేసేసినట్టుంటుంది. “ఐ డోంట్ థింక్ దిస్ విల్ వర్క్” అంటే ఇంకా మాట్లాడుకోవచ్చు అన్నట్టుంటుంది.

“అయ్యుండదు” అనే మనమాటకు సరైన జోడీ ‘కాంట్ బి’. అయ్యుంటుంది అంటే ‘మస్ట్ బి’ కదా అని అయ్యుండదు అనడానికి ‘మస్ట్ నాట్ బి’ అనేస్తారు. చాలా సందర్భాల్లో అది నిషేధంలా ధ్వనిస్తుంది. లెక్కల షీటులో మొత్తం తేడాగా కనిపిస్తే “దట్ కాంట్ బి రైట్” అనండి. అంకె మీద అపనమ్మకం తప్ప అది వేసినవాళ్ల మీద కాదు. నేను ఎక్కువగా సిఫారసు చేసే వాక్యం ఇదే. దీనికి తమ్ముడు “దట్ డజంట్ సౌండ్ రైట్”.

ఇప్పుడు తెలుగువాళ్లకు మాత్రమే అర్థమయ్యే ఒక సంగతి. మనకు ‘ట’ ఉంది. “రేపు వస్తాడట”, “పని అయిపోయిందట”. విన్నది చెబుతున్నాను, నిజమో కాదో నాకు సంబంధం లేదు అని ఒక్క అక్షరంతో తప్పుకుంటాం. కాస్త సాగదీసి “అయిపోయిందటా!” అన్నామంటే నమ్మలేదని కూడా చెప్పేసినట్టే. ఇంగ్లీషులో ఈ పనికి వేర్వేరు మాటలున్నాయి, ఒక్కోదాంట్లో అపనమ్మకం పాలు ఒక్కో రకం. ‘అపారెంట్లీ’ మామూలు ట. “అపారెంట్లీ హి ఈజ్ కమింగ్ టుమారో” అంటే వస్తున్నాడట, అంతే. ‘సపోజెడ్లీ’ సాగదీసిన ట. “ది బగ్ ఈజ్ సపోజెడ్లీ ఫిక్స్‌డ్” అంటే ఫిక్స్ చేశారటా, నాకైతే నమ్మకం లేదు అని. ‘రిపోర్టెడ్లీ’ పత్రికల మాట, తటస్థం. ‘అలెజెడ్లీ’ కోర్టులు, పోలీసు వార్తల మాట, ఆరోపణే తప్ప రుజువు కాలేదని. మామూలు సంభాషణలో దీన్ని వాడితే వెటకారం. సపోజెడ్లీ, అలెజెడ్లీ రెండింటిలోనూ మధ్యలో ‘జెడ్’ విడిగా పలకాలి. ‘సపోజ్డ్లీ’ అనకండి.

ఈ తేడా తెలియక మన మెయిళ్లలో జరిగే ఘోరం ‘క్లెయిమ్’, ‘సో-కాల్డ్’ దగ్గర కనిపిస్తుంది. “యాజ్ క్లెయిమ్డ్ బై యువర్ టీమ్” అని చాలా అమాయకంగా రాస్తారు, “మీ టీమ్ చెప్పినట్టు” అనే ఉద్దేశంతో. చదివేవాళ్లకు “మీవాళ్లేదో గొప్పగా చెప్పుకున్నారుగానీ” అని వినిపిస్తుంది. “యాజ్ మెన్షన్డ్ బై” అంటే సరిపోతుంది. సో-కాల్డ్ అయితే మరీను. “ది సో-కాల్డ్ ఎక్స్‌పర్ట్” అంటే నిపుణుడు అని పిలవబడే ఆయన కాదు, నిపుణుడినని చెప్పుకు తిరిగే ఆయన. టెక్నికల్ పేపర్లలో మాత్రం దీన్ని వెటకారం లేకుండా “అనే పేరున్న” అన్న అర్థంలో వాడతారు. మనుషుల పక్కన పెట్టకుండా ఉంటే చాలు.

మీటింగులో ఒకరి మాట నమ్మబుద్ధి కానప్పుడు నోటికి రావాల్సినవి కొన్ని. “ఐ యామ్ నాట్ సో షూర్ అబౌట్ దట్” అన్నింటికంటే మెత్తనిది. బ్రిటిష్ వాళ్ల నోట వింటే మాత్రం మెత్తదనం చూసి మోసపోకండి, చాలాసార్లు “అది తప్పు” అనేదే దానర్థం. “ఐ వండర్ ఇఫ్ దట్ ఈజ్ రియలీ ద కాజ్” అంటే కారణం అది కాదేమో అని, ప్రశ్న రూపంలో. “ఐ యామ్ నాట్ కన్విన్స్‌డ్” కొంచెం గట్టిది, ఇంకా ఆధారాలు చూపించమని అడగడం. “ఐ ఫైండ్ దట్ హార్డ్ టు బిలీవ్” ఇంకా గట్టిది, ఇందులో కాస్త కోపం కూడా ధ్వనిస్తుంది. “ఐ హావ్ మై డౌట్స్” అంటే నాకు నా అనుమానాలున్నాయి, వివరాలు అడగకు అన్నట్టు. ఇక్కడ ‘మై’ ముఖ్యం, అది తీసేస్తే మనవాళ్ల చెవికి మళ్లీ క్లాసులో చెయ్యెత్తిన డౌట్స్ అయిపోతాయి. “ఐ హావ్ సమ్ రిజర్వేషన్స్” అంటే సగం ఒప్పుకుని సగం వెనక్కి తగ్గడం. టికెట్లకు సంబంధం లేదు.

కొన్ని మాటలు పైకి నమ్మకంలా కనిపించి లోపల అపనమ్మకం దాచుకుంటాయి. ‘షూర్లీ’ అలాంటిదే. మనం “తప్పకుండా వస్తాను” అనడానికి “షూర్లీ ఐ విల్ కమ్” అంటాం. బ్రిటిష్ ఇంగ్లీషులో షూర్లీ ఎక్కువగా “అలా ఎలా అవుతుంది?” అనే చోట వస్తుంది. “షూర్లీ యు డోంట్ బిలీవ్ దట్?” అంటే “దాన్ని నువ్వు నమ్మావని మాత్రం అనకు” అని. తప్పకుండా అనడానికి ‘డెఫినెట్లీ’, ‘సర్టెన్లీ’ వాడుకోండి. ‘నో డౌట్’ కూడా పైకి కనిపించినంత గట్టిది కాదు. “నో డౌట్ హి ఈజ్ బిజీ, బట్…” అంటే “బిజీగానే ఉండి ఉంటాడులే, కానీ…” అని. నిజంగా ఏ సందేహమూ లేదనాలంటే “వితౌట్ ఎ డౌట్” అనాలి.

కోర్టు భాషలో “బియాండ్ రీజనబుల్ డౌట్” అంటే క్రిమినల్ కేసులో నేరం రుజువు కావాల్సిన స్థాయి. సహేతుకమైన సందేహం మిగిలితే శిక్ష పడదు. ఏ సందేహమూ ఉండకూడదని కాదు, సహేతుకమైనది ఉండకూడదని. సివిల్ తగాదాల్లో అంత అక్కర్లేదు, ఏ వైపు మొగ్గు ఎక్కువుంటే అటే. మిగిలిన ఆ సందేహం నిందితుడి లెక్కలో వేయడమే “బెనిఫిట్ ఆఫ్ ది డౌట్”. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రోజువారీ మాటల్లో “ఐ విల్ గివ్ హిమ్ ద బెనిఫిట్ ఆఫ్ ద డౌట్” అంటే “పోనీలే, ఈసారికి అతని మాటే నిజమనుకుందాం” అని. అనుమానం ఉందని చెబుతూనే పెద్దమనసు చూపించే వాక్యం, చాలా ఉపయోగం.

విశేషణాల్లో జంటలు గుర్తుపెట్టుకోవాలి. నమ్మలేని విషయం ‘ఇన్‌క్రెడిబుల్’, నమ్మలేకపోతున్న మనిషి ‘ఇన్‌క్రెడ్యులస్’. మొదటిదీ, ‘అన్‌బిలీవబుల్’ కూడా ఇప్పుడు ఎక్కువగా పొగడ్తలే. నిజంగా నమ్మశక్యంగా లేదనాలంటే ‘ఇంప్లాజిబుల్’, ‘ఫార్‌ఫెచ్డ్’ వాడండి. ‘డౌట్‌ఫుల్’ మనిషికీ విషయానికీ పనికొస్తుంది. ‘డ్యూబియస్’ విషయం పక్కన పడితే ఏదో మకిలి అంటుతుంది: డ్యూబియస్ కంపెనీ అంటే మంచి కంపెనీ కాదేమో అని. ‘సస్పీషియస్’ రెండువైపులా తిరుగుతుంది. అనుమానించేవాడూ సస్పీషియసే, అనుమానం కలిగించేవాడూ సస్పీషియసే. “హి ఈజ్ సస్పీషియస్ ఆఫ్ మీ” అంటే అతనికి నామీద అనుమానం. ఉత్తినే “హి ఈజ్ సస్పీషియస్” అంటే సందర్భాన్నిబట్టి చూసుకోవాల్సిందే.

‘స్కెప్టికల్’, ‘సినికల్’ కలిపేయకండి. స్కెప్టిక్ ఆధారం చూపించమంటాడు, చూపిస్తే ఒప్పుకుంటాడు. సినిక్‌కి ఆధారం కాదు సమస్య, మనుషుల ఉద్దేశాలే సమస్య. ఎవరు మంచిపని చేసినా లోపల స్వార్థమే ఉంటుందంటాడు. రెండూ ప్రాచీన గ్రీకు తత్వవేత్తల శాఖల పేర్లే. మొదటి శాఖ పిర్రో అనే ఆయన పేరుతో ముడిపడింది, రెండో శాఖలో అందరికీ తెలిసినవాడు డయోజెనిస్. “ఐ యామ్ స్కెప్టికల్ అబౌట్ ది న్యూ ప్లాన్” అంటే వృత్తిపరంగా చాలా గౌరవమైన మాట. స్పెల్లింగులో ఎస్ తర్వాత బ్రిటిష్ వాళ్లు సీ రాస్తారు, అమెరికన్లు కే రాస్తారు. పలకడం ఒకటే.

ఇక ఆశ్చర్యానికీ అపనమ్మకానికీ ఉన్న గీత. స్నేహితురాలు ఉద్యోగం వచ్చిందని చెబితే “ఐ డోంట్ బిలీవ్ ఇట్!” అంటే సంతోషం. “ఐ కాంట్ బిలీవ్ ఇట్!” కూడా అంతే, నమ్మేశాను కాబట్టే అంటున్నాను. “నో వే!”, “యు ఆర్ కిడింగ్!”, “గెట్ అవుట్ ఆఫ్ హియర్!” ఇవన్నీ అమెరికన్ల నోట “అబ్బ, నిజమా!” అనడమే. మనం మాత్రం “నిజమా?” అనే మాటను “ఆర్ యు షూర్?” అని దింపుతాం. శుభవార్త చెప్పినవాళ్లను “సరిగ్గా చూసుకున్నావా?” అని అడిగినట్టుంటుంది. దాని బదులు ‘రియలీ?’ అనండి, గొంతు చివర్లో పైకి లేవాలి. కిందికి దిగిందంటే అదే మాట “ఓహో, అలాగా” అయిపోతుంది.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి ‘యా, రైట్’ గురించి. రెండూ అవుననే మాటలే, కలిస్తే కాదు. దీనిమీద తత్వశాస్త్రం వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఒక భాషా తత్వవేత్త ఉపన్యాసంలో, రెండు కాదులు కలిస్తే అవును అయ్యే భాషలున్నాయి కానీ రెండు అవునులు కలిసి కాదు అయ్యే భాష లేదన్నాడట. శ్రోతల్లో ఉన్న కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ సిడ్నీ మోర్గెన్‌బెసర్ కూర్చున్నచోటి నుంచే “యా, యా” అన్నాడట. తెలుగు తెలిసినవాళ్లెవరైనా అక్కడుంటే ‘అవునవును’ అని ఇంకో సాక్ష్యం ఇచ్చేవాళ్లు.

జాతీయాల్లో మొదట నేర్చుకోవాల్సింది “టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్”, అంటే పూర్తిగా నమ్మేయకుండా కాస్త తగ్గించి తీసుకోమని. అమెరికన్లు పించ్ బదులు ‘గ్రెయిన్’ అంటారు. ఈ ఉప్పు సంగతి చాలా పాతది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, మిత్రిడేటిస్ అనే రాజుకు చెందిన విషపు విరుగుడు మందు గురించి రాస్తూ, ఎండు అక్రోట్లు, అత్తిపళ్లు, ఒక రకం ఆకులు నూరి ఉప్పుగల్లు వేయాలన్నాడు. ఆయనకది వట్టి మందు చిట్కానే, అనుమానం అర్థం తర్వాతెప్పుడో పట్టింది. మీటింగులో “వీ షుడ్ టేక్ దీజ్ నంబర్స్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్” అని నిశ్చింతగా అనొచ్చు, ఎవరూ నొచ్చుకోరు.

“ఐ డోంట్ బై ఇట్” కూడా ఆఫీసులో నడుస్తుంది, తెలిసినవాళ్ల మధ్య. “సంథింగ్ ఈజ్ ఫిషీ” అంటే ఎక్కడో తేడా కొడుతోంది అని. “టూ గుడ్ టు బి ట్రూ” అంటే ఇంత మంచిగా ఉందంటే నిజమై ఉండదని, ఆన్‌లైన్ మోసాల గురించి మాట్లాడేటప్పుడు తప్పనిసరి. “కాక్-అండ్-బుల్ స్టోరీ” అంటే మన కాకమ్మ కథ, ‘టాల్ స్టోరీ’ అంటే కోతలు. “ఎ లైక్లీ స్టోరీ!” మాటకు మాట చూస్తే “జరిగుండొచ్చు” అని, వాడేది మాత్రం “చెప్పొచ్చావులే” అనడానికి. “పుల్ ది అదర్ వన్”, “కమ్ ఆఫ్ ఇట్” బ్రిటిష్ వాళ్ల “ఊరుకోవయ్యా”లు. “ఐ వాజ్ నాట్ బార్న్ యెస్టర్‌డే” అంటే నీ పప్పులు నా దగ్గర ఉడకవని. ఇవన్నీ దగ్గరివాళ్లతోనే. పై అధికారి సెలవు ఎందుకు ఇవ్వలేదో చెబుతుంటే “పుల్ ది అదర్ వన్” అనకండి.

చూస్తేగానీ నమ్మను అనే మనిషి ‘డౌటింగ్ థామస్’. గాయాల గుర్తులు కళ్లారా చూసి, వేలుపెట్టి తడిమితేగానీ ఏసు మళ్లీ లేచాడని నమ్మనన్న శిష్యుడి పేరు అలా మిగిలిపోయింది. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంవాళ్లకు కూడా చూస్తేగానీ నమ్మరనే పేరుంది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు విలార్డ్ వాండివర్ 1899లో ఫిలడెల్ఫియా విందులో, ఉత్త మాటల ధాటి తనను ఒప్పించలేదని, తాను మిస్సోరివాణ్నని, చూపించాల్సిందేనని అన్నాడు. “షో మీ స్టేట్” అనే పేరు అలా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత దాన్ని అక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా వేశారు. “ఐ యామ్ ఫ్రమ్ మిస్సోరి” అని ఎవరైనా అంటే ఊరు చెబుతున్నారో, ఆధారాలు అడుగుతున్నారో చూసుకోవాలి.

జరగదు అనే అపనమ్మకానికి విడిగా ఒక మూట ఉంది. “డోంట్ హోల్డ్ యువర్ బ్రెత్” అంటే ఎదురుచూసి లాభం లేదని. “ఐ వుడ్‌న్ట్ బెట్ ఆన్ ఇట్” అంటే అయినా కావచ్చుగానీ నేనైతే పందెం కాయనని. “ఐ విల్ బిలీవ్ ఇట్ వెన్ ఐ సీ ఇట్” అంటే అయినప్పుడు చూద్దాంలే అని, వాయిదాల మీద వాయిదాలు పడే పనులకు సరిగ్గా సరిపోతుంది. “వెన్ పిగ్స్ ఫ్లై” అంటే ఎన్నటికీ జరగదని, బ్రిటిష్ వాళ్లు “పిగ్స్ మైట్ ఫ్లై” అంటారు. ‘ఫ్యాట్ ఛాన్స్’ అంటే లావాటి అవకాశం కాదు, అసలు అవకాశమే లేదని. ‘స్లిమ్ ఛాన్స్’ అన్నా దాదాపు అదే అర్థం, కాకపోతే దాంట్లో వెటకారం లేదు. కాబట్టి మెయిల్‌లో రాసేటప్పుడు స్లిమ్, స్నేహితుల దగ్గర ఫ్యాట్.